ఆయనకి నయమయ్యాక

ఆవిడని ఆ వీధిలో అందరూ పళ్ళక్క అనేవాళ్ళు. పళ్ళు ఎత్తుగా ఉండి కాదు, పళ్ళు చేసేది కాబట్టి. దంతాల డాక్టరు క్లినిక్ పక్కన మెట్లు దిగితే నేలమాళిగలో ఒక గది ఉంటుంది. అందులో ఆవిడ బల్ల. పైన డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే కింద ఈవిడ అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ నాటుకుంటూ వెళ్ళేది. ఆ తర్వాత మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబిరంగు ముద్ద నింపి, ఉడకబెట్టి, సానపట్టి మెరుగుపెడితే ఎవరో ఒకరు మళ్ళీ నమిలి తినగలిగేవాళ్ళు. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ పైకప్పుకి ఆనుకుని. అందులోంచి రోడ్డు మీద పోయేవాళ్ళ చెప్పులు కనిపించేవి గానీ మొహాలు కనిపించేవి కావు. "మనుషుల్లో నాకు రెండు చివర్లే తెలుసు, పళ్ళూ చెప్పులూ" అనేది.

భర్త సైన్యంలో సిగ్నల్‌మాన్. వీపు మీద వైర్‌లెస్ సెట్టు మోసే మనిషి. అక్కడ ఆయనకి పెట్టిన పేరు రేడియో. సెట్టు మోస్తాడని ఒక కారణం, నోరు మూతపడదని ఇంకో కారణం. పెళ్ళికి ముందు ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ళమ్మ కట్టుడు పళ్ళు కిందపడి రెండు ముక్కలైతే అతికించమని పట్టుకొచ్చాడు. "టైము పడుతుంది, పైన కూర్చోండి" అంటే వినలేదు. స్టూలు లాక్కుని అక్కడే కూర్చుని, అరలో పెట్టిన పళ్ళసెట్లు ఒక్కొక్కటీ తీసి వాటిచేత మాట్లాడించడం మొదలుపెట్టాడు. ఒకటి రిటైరైన హెడ్మాస్టరు, ఒకటి గయ్యాళి అత్త, ఒకటి కొత్తగా పెళ్ళయిన ముసలాయన. ఈవిడ నవ్వుతూ ఉండగానే గిన్నెలో కలిపిన ప్లాస్టర్ బిగుసుకుపోయింది. ఆ పళ్ళ ల్యాబు నడిపే పెద్దాయన కేకలేశాడు. రేడియో మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"అతికించింది ఊడిందా?" అని అడిగింది ఆవిడ.

"లేదు, బాగా అతుక్కుంది. మా అమ్మ మళ్ళీ మాట్లాడుతోంది. అది తప్పించుకుందామనే వచ్చాను" అన్నాడు.

సెలవు అయిపోయేలోపు పెళ్ళి మాట్లాడేసుకున్నారు.

కూతురు నడక నేర్చుకుంటున్న రోజుల్లో యుద్ధం వచ్చింది. ఆయన వెళ్ళాడు, వచ్చాడు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి. చూడ్డానికొచ్చినవాళ్ళంతా ఆ సంగతి కళ్ళారా చూసుకుని, "అదృష్టవంతురాలివమ్మా" అని ఆవిడ భుజం తట్టి వెళ్ళారు. ఆవిడా అలాగే అనుకుంది. రేడియో మూగబోయిందని ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియలేదు.

సైన్యం వదిలేసి ఒక గోడౌన్లో కాపలా పనికి కుదిరాడు. బస్తాల మధ్య ఒక్కడే కూర్చునే పని. బయటివాళ్ళ దృష్టిలో పెద్దమనిషి. తాగడు, తిరగడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఇంట్లో మాత్రం గాలి కూడా ఆయన్ని అడిగి వీచాలి. తలుపు వేసేటప్పుడు గొళ్ళెం మీద చెయ్యి పెట్టి చప్పుడు కాకుండా వెయ్యాలి. ఆయన కుర్చీ వెనక నుంచి నడవకూడదు. ఫోను మోగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పక్కగదిలోంచి ఆయన్ని పిలవకూడదు. ఏదైనా చెప్పాలంటే వెళ్ళి ఎదురుగా, కాస్త దూరంగా నిలబడి, ఆయన తలెత్తి చూశాకే చెప్పాలి. కూతురు చిన్నప్పుడు ఒకసారి బాత్రూం తలుపు తట్టి, "నాన్నా, ఉన్నావా?" అంది. ఆయన తలుపు తియ్యలేదు, లోపల్నుంచి తన్నాడు. గొళ్ళెం ఊడొచ్చి పిల్ల చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. ఎందుకు చేశాడో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో "ఉన్నావా" అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ పిల్ల పిల్లిలా నడవడం నేర్చుకుంది. స్కూల్లో టీచరు, "మీ అమ్మాయి ఎప్పుడు వెనకొచ్చి నిలబడుతుందో తెలీదండీ, గుండె జారిపోతుంది" అని చెప్పింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కుర్చీలోనే నిద్రపోయాడు. సాయంత్రం డ్యూటీ ఉంది. ఆయన్ని లేపాలంటే గుమ్మం దగ్గర నిలబడి దగ్గడం ఆవిడ పద్ధతి. ఆ రోజు ఎంత దగ్గినా లేవలేదు. టైము మించిపోతోందని దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. అంతే. మోచెయ్యి ఎటునుంచి వచ్చిందో కూడా చూడలేదు. నోరంతా ఉప్పగా అయిపోయింది. తువ్వాలు అడ్డం పెట్టుకుని పెరటి వైపు వెళ్ళి ఉమ్మితే పై వరసలో ముందుపన్ను చేతిలో పడింది.

ఆయన లేచి వచ్చాడు. "ఏమైంది?" అన్నాడు. నిజంగానే తెలియదు ఆయనకి. కళ్ళలో ఇంకా నిద్ర.

"బాత్రూంలో జారానండీ" అంది.

"చూసుకుని నడవొచ్చుగా" అని చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు అద్దం ముందు నిలబడి తన నోటి అచ్చు తనే తీసుకుంది. కొత్త పన్ను చేసి సాన పడుతుంటే పెద్దాయన వచ్చి, "ఇది ఎవరిదమ్మా?" అని అడిగాడు. "నాదేనండీ" అంది. ఆయన చాలాసేపు ఆ అచ్చుని చేతిలో తిప్పి చూశాడు. "రంగు కాస్త పసుపు వైపు చూసి వేసుకో. లేకపోతే కొత్తదని తెలిసిపోతుంది" అని పైకెళ్ళిపోయాడు. వీధిలోవాళ్ళకీ, ఆడపడుచుకీ, కూతురికీ, అందరికీ బాత్రూం కథే చెప్పింది. చెప్పగా చెప్పగా ఆ బాత్రూంలో తడిసిన బండ కూడా ఆవిడ కళ్ళకి కనపడేది.

కూతురు పెద్దదై నర్సు చదువులో చేరింది. కాలేజీ అదే ఊళ్ళో, బస్సులో వెళ్ళొచ్చు. అయినా హాస్టలే కావాలంది. ఒక సాయంత్రం ఆ పిల్ల గది సర్దుకుంటూ ఫోన్లో స్నేహితురాలితో, "అక్కడైతే దగ్గు వస్తే హాయిగా దగ్గుకోవచ్చే" అంటుంటే, గుమ్మం అవతల ఉన్న ఆయన విన్నాడు. యుద్ధం మనసులో మిగిల్చిన జబ్బుకి కొత్త వైద్యం ఉందని సైనికుల ఆసుపత్రి నుంచి ఎప్పటినుంచో కబురు వస్తోంది, ఈయన పట్టించుకోలేదు. ఆ మర్నాడు భార్య ఎదురుగా నిలబడి, "వెళ్దాం. నువ్వూ రా" అన్నాడు.

అక్కడి పెద్ద డాక్టరు విడమరిచి చెప్పాడు. "తుప్పు పట్టిన బోల్టు ఉందనుకోండి. ఊరికే తిప్పితే విరుగుతుంది. నూనె పోసి వదిలేస్తే అది అలాగే ఉంటుంది. నూనె పోసి, నానుతున్నప్పుడే తిప్పాలి. తలకి ఆనించే అయస్కాంతం మిషనే నూనె, పక్కగదిలో ఆ సంగతులు మాట్లాడించడమే తిప్పడం. రెండూ వెంటవెంటనే జరగాలి."

మెట్లు దిగుతూ ఆయన, "నన్ను పాత సైకిలనుకుంటున్నాడు" అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి వేళాకోళం. ఆవిడ మెట్ల మీద ఆగిపోయింది.

రోజూ వెళ్ళేవాళ్ళు. తలకి బిగుతు టోపీ పెట్టి, టేపుతో కొలిచి, గుర్తు పెట్టి, ఎనిమిది అంకెలా ఉండే ఒక పలకని నుదుటి పక్కగా ఆనించేవాళ్ళు. అది వడ్రంగిపిట్ట కొట్టినట్టు టకటకమనేది. కాసేపు ఆగేది, మళ్ళీ టకటక. నొప్పి పెద్దగా లేదు గానీ కనుబొమ్మ దానంతటదే ఎగిరేది. అవగానే పక్కగదిలో మాట్లాడించే కౌన్సిలర్ దగ్గరికి. ఆ కౌన్సిలర్ జుట్టు సగం నెరిసినా మొహం చిన్నపిల్లలా ఉండేది. పళ్ళక్క బయట బెంచీ మీద కూర్చునేది. మొదట్లో పరిస్థితి ఇంకా చెడింది. బస్సులో పిడికిళ్ళు బిగించుకుని కూర్చునేవాడు. లోపల చెప్పిందంతా రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు, ఇంటికొచ్చి అది మళ్ళీ మళ్ళీ వినాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి వినేవాడు. ఆ సేపు ఈవిడ వంటింట్లో ఊపిరి బిగబట్టుకుని గిన్నెలు తుడిచేది.

ఒక రోజు కౌన్సిలర్ ఈవిడని కూడా లోపలికి పిలిచింది. "ఆయనే మీ ముందు చెప్తానన్నారు" అంది.

ఆయన కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాడు. కొండ మీద పోస్టు. కింద లోయలో గస్తీకి వెళ్ళినవాళ్ళ మీద కాల్పులు. వాళ్ళలో సెట్టు మోస్తున్న జవాను దెబ్బతిని రాళ్ళ మధ్య పడి ఉన్నాడు. వాడికి పని నేర్పింది ఈయనే. పోస్టులోంచి ఎవరూ సెట్టులో మాట్లాడకూడదని ఆజ్ఞ. మాట బయటికి పోతే అది పట్టుకుని అవతలివాళ్ళు పోస్టు ఎక్కడుందో కనిపెట్టేస్తారు, అందరూ పోతారు. వినొచ్చు, పలకకూడదు. పొద్దున మొదలైన ఆ గొంతు ఎండ నెత్తికెక్కేదాకా పిలుస్తూనే ఉంది. "రేడియో అన్నా, ఉన్నావా? ఒక్కసారి ఊఁ అనన్నా, చాలు. ఉన్నావా?" సెట్టులో మాట్లాడే మీట ఈయన బొటనవేలి కిందే ఉంది. నొక్కలేదు.

"ఆ రోజు ఆ నిర్ణయం ఎవరిది?" అని అడిగింది కౌన్సిలర్.

"నాది కాదు" అన్నాడు ఆయన. "నాది కాదమ్మా" అని ఇంకోసారి అని, ఏడ్చాడు.

పళ్ళక్క కూడా ఏడ్చింది. గొళ్ళెం ఊడిన బాత్రూం తలుపు, మోగని ఫోను, ఎదురుగా వెళ్ళి నిలబడటం, అన్నిటికీ అర్థం ఆ గదిలో ఒక్కసారిగా దొరికింది. తిరిగొస్తూ బస్సులో ఆయన చెయ్యి పట్టుకుంది. అర్థమైతే భయం పోతుందనుకుంది. పోలేదు.

ఆయన మాత్రం బాగుపడ్డాడు. నిజంగా బాగుపడ్డాడు, అందులో అనుమానం లేదు. పడుకుంటే తెల్లారేదాకా నిద్ర. గోడౌన్ మానేసి బస్ డిపోలో ప్రకటనలు చదివే పనికి చేరాడు. రోజంతా మైకు ముందే. పక్కింటివాళ్ళతో కబుర్లు, వీధి మలుపులో టీకొట్టు దగ్గర పంచాయితీలు. ఆయన అక్క వచ్చి తమ్ముణ్ణి చూసి, "మా పాత రేడియో తిరిగొచ్చింది!" అని మెటికలు విరిచింది. ఇంట్లో తలుపులు ధడాలున వేసేవాడు. అన్నిటికన్నా విడ్డూరం, వంటింట్లోంచి కేకేసేవాడు.

"ఏమోయ్, ఉన్నావా? చక్కెర ఎక్కడ?"

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఆవిడ చేతిలో మడతపెడుతున్న బట్ట జారిపోయింది. పలుకుదామనుకుంది. కానీ లేచి వెళ్ళి, ఎదురుగా, కాస్త దూరంగా నిలబడి, ఆయన చూశాక, "పై అరలో" అంది.

ఆయన పకపకా నవ్వాడు. "ఇంకా ఏంటిది? అక్కణ్ణుంచే చెప్పొచ్చుగా! నేను బాగయ్యాను కదా."

ఆయన బాగయ్యాడు. ఆవిడే బాగోలేదు. ఇన్నాళ్ళూ ఇల్లు కూలకుండా భుజం ఆనించి నిలబడ్డ మనిషి, గోడ దానంతటదే నిలబడ్డాక కింద పడ్డట్టుంది ఆవిడ పని. ఆయన గుర్రుపెట్టి నిద్రపోతుంటే పక్కన కళ్ళు తెరుచుకుని పడుకునేది. నవ్వు కాస్త గట్టిగా వినిపించినా చేస్తున్న పని ఆపి తలుపు వైపు చూసేది. ల్యాబులో పళ్ళవరస వంకరగా నాటేది. ఎవరో పెద్దావిడకి చేసిన సెట్టు మెరుగుపెడుతుంటే చేతిలోంచి ఎగిరి గోడకి తగిలి పగిలిపోయింది. ఆ చప్పుడుకి బల్ల కింద దూరి కూర్చుంది. పెద్దాయన వచ్చి లేవదీసేదాకా తను ఎక్కడుందో తనకే తెలియలేదు.

హాస్టల్‌కి వెళ్ళి కూతురితో చెప్పుకుంది. ఆ పిల్ల తల వంచుకుని వింది. "నాన్న ఫోన్ చేస్తున్నాడమ్మా. జోకులు చెప్తున్నాడు. నేనూ నవ్వుతున్నాను. పెట్టేశాక చూసుకుంటే చెయ్యంతా చెమట" అంది. "నాన్న మారాడని తెలుసు. నా ఒంటికి తెలీదు."

అప్పుడు పళ్ళక్క ఒక్కతే సైనికుల ఆసుపత్రికి వెళ్ళింది. కౌన్సిలర్ గుర్తుపట్టి లోపల కూర్చోబెట్టింది.

"ఆ మిషను నాకూ పెట్టి, నాచేత కూడా అలాగే మాట్లాడిస్తారామ్మా?" అని అడిగింది.

కౌన్సిలర్ తల అడ్డంగా ఊపింది. "ఈ వైద్యం సైన్యంలో పనిచేసినవాళ్ళకేనండీ. నాకు ఇవ్వాలనే ఉంది. నా చేతిలో లేదు. పెద్దాసుపత్రికి రాసిస్తాను."

"సరే. పోనీ, ఒక సంగతి ఆయనకి చెప్పాలి. అది చెప్పొచ్చా?" అని పన్ను సంగతి చెప్పింది. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి. కౌన్సిలర్ మొహం పాలిపోయింది. ఇది డాక్టరుగారిని అడగాలని ఆయన గదికి తీసుకెళ్ళింది.

డాక్టరు అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ బాధ నాకు అర్థమైందమ్మా. కానీ ఆయన ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్నారు. ఇలాంటిది వింటే మళ్ళీ వెనక్కి వెళ్ళొచ్చు. ఇన్నేళ్ళు ఓర్చుకున్నారు, ఇంకొన్నాళ్ళు ఓర్చుకోండి."

జబ్బుగా ఉన్నప్పుడు ఆయన తట్టుకోలేడని చెప్పలేదు. బాగయ్యాక, బాగు చెడుతుందని చెప్పకూడదు. మరి చెప్పే రోజు ఏదని అడుగుదామనుకుంది. అడగలేదు. అలవాటు లేదు.

పెద్దాసుపత్రిలో పొద్దున్నించీ వరసలో నిలబడితే, అక్కడి డాక్టరు తల ఎత్తకుండా, "ఇంట్లో గొడవలా?" అన్నాడు.

"ఉండేవండీ. తగ్గిపోయాయి."

"మరింకేం?" అని నిద్రమాత్రలు రాసిచ్చాడు.

కొన్నాళ్ళకి సైనికుల ఆసుపత్రిలో సభ పెట్టారు. వైద్యం బాగా పనిచేసినవాళ్ళు నలుగురి ముందూ మాట్లాడాలి. మాట్లాడమంటే ఈయనకి ఇంకేం కావాలి? ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యని ముందువరసలో కూర్చోబెట్టి, మైకు పట్టుకున్నాడు. జనాన్ని నవ్వించాడు, ఏడిపించాడు. చివర్లో వేలు చూపించి, "ఇన్నేళ్ళలో మా ఆవిడ ఒక్క మాట అనలేదండీ. ఒక్కరోజు నోరెత్తి ఇదీ నా కష్టం అని చెప్పలేదు. ఇలాంటి భార్య ఉంటే ఎవరైనా బాగుపడతారు" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఎవరో వచ్చి ఆవిడ చేతిలో పూలగుత్తి పెట్టారు. ఫొటో తీసే అతను, "మేడమ్, కాస్త నవ్వండి" అన్నాడు. నవ్వింది. చప్పట్లు కొడుతున్నవాళ్ళలో డాక్టరు కూడా ఉన్నాడు. కౌన్సిలర్ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కిందకి చూస్తోంది.

తిరుగు బస్సు దాదాపు ఖాళీగా ఉంది. ఆయన కిటికీ పక్కన కూర్చుని, "ఎలా మాట్లాడాను?" అన్నాడు.

"బాత్రూంలో జారలేదండీ నేను" అంది ఆవిడ.

"ఏ బాత్రూం?"

చెప్పింది. కుర్చీ, దగ్గు, భుజం మీద చెయ్యి, మోచెయ్యి, తువ్వాలు. ఎదుటి సీటు కమ్మీ వైపు చూస్తూ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. "నాకు తెలీదే" అన్నాడు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాళ్ళు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి నోటితో వదిలాడు. అక్కడ నేర్పిన పద్ధతే. రెండు స్టాపులు దాటాక కళ్ళు తెరిచాడు. తడిగా ఉన్నాయి.

"అది నేను తెలిసి చేసింది కాదు. నిద్రలో ఉన్నవాడి చెయ్యి అది. నిజంగా క్షమించు నన్ను. కానీ ఆ బరువు ఇప్పుడు నేను మోస్తే మళ్ళీ మొదటికొస్తాను. నాది కానిది నేను మోయకూడదని నేర్పారు." ఆవిడ చెయ్యి నిమిరాడు. ఇంకో స్టాపు వెళ్ళాక, "ఇంట్లో రొట్టె ఉందా, కొనాలా?" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆవిడకి మింగుడు పడలేదు. అబద్ధమైతే పోట్లాడేది. ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతాడని డాక్టరు భయపడ్డాడు కదా, అలాంటిదేమీ జరగలేదు. ఎప్పటిలాగే తిన్నాడు, ఎప్పటిలాగే హాయిగా నిద్రపోయాడు. ఆ నిద్ర చూస్తూ, ఈయనకి నిద్ర పట్టకూడదని తను కోరుకుంటోందని గ్రహించి ఆవిడ హడలిపోయింది. ఈ మనిషి ఒక్కరాత్రి కంటినిండా నిద్రపోతే చాలని ఎంత మొక్కుకుందో ఆవిడకే తెలుసు.

కోపం తెచ్చుకుని వెళ్ళలేదు. దంతాల క్లినిక్ మేడ మీద పాత కుర్చీలు పడేసే గది ఒకటుంటే పెద్దాయన్ని అడిగి శుభ్రం చేయించుకుంది. భర్తకి ఎదురుగా నిలబడి, "కొన్నాళ్ళు అక్కడ పడుకుంటానండీ" అని చెప్పి, బట్టలు సర్దుకుని వెళ్ళింది. ఆ గదిలో మొదటి పని, తలుపు గట్టిగా వేసి చూడటం. ఉలిక్కిపడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఉలిక్కిపడింది.

వీధి మొత్తం ఆయన వైపు నిలబడింది. నిలబడదా మరి? యుద్ధం చేసొచ్చాడు, జబ్బుతో పోరాడి గెలిచాడు, అందరినీ నవ్విస్తాడు, ఇప్పుడు తన వంట తనే చేసుకుంటున్నాడు. ఆడపడుచు మేడమెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది.

"జబ్బు మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, బాగయ్యాక వదిలేసినదాన్ని నేనెక్కడా చూళ్ళేదమ్మాయ్."

"నేనూ చూళ్ళేదు వదినా."

"ఏం చేశాడు వాడు? ఇప్పుడు ఏం చేస్తున్నాడని?"

"ఇప్పుడు ఏమీ చెయ్యట్లేదు."

వదిన గది నలుమూలలా చూసి, గొంతు తగ్గించింది. "ఇంకెవరైనా ఉన్నారా?"

పళ్ళక్కకి నవ్వొచ్చింది. "ఈ వయసులో నాకు దొరికే మగాళ్ళందరికీ పళ్ళు నేనే చెయ్యాలి వదినా" అంది. వదినకి నవ్వు రాలేదు. లేచి వెళ్ళిపోయింది. పన్ను సంగతి ఆవిడకి చెప్పి ఉండొచ్చు. చెప్తే, "ఒక్క పన్నుకా?" అంటుందని తెలుసు. పన్ను ఒక్కటే కాదని చెప్పడానికి మాటలు కావాలి. ఆ మాటలు నేర్పే గదిలో తనకి చోటివ్వలేదు.

సైనికుల ఆసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. వైద్యం అయినవాళ్ళ భార్యల్ని అడిగే మామూలు ప్రశ్నలు.

"సార్ నిద్ర ఎలా ఉందండీ?"

"బాగుందమ్మా."

"కోపం?"

"లేదు."

"ఇంట్లో వాతావరణం మెరుగుపడిందా?"

"నేను ఇంట్లో ఉండట్లేదమ్మా."

"అయ్యో. అంటే... మెరుగుపడినట్టు పెట్టుకోమంటారా?"

"పెట్టుకో" అంది.

ఒక ఆదివారం ఆయనే వచ్చాడు. తలుపు తట్టి, పిలవకుండా నిలబడ్డాడు. లోపలికొచ్చి ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని గది చూశాడు. ఆవిడ టీ పెట్టింది. డిపో కబుర్లు చెప్పాడు. ఒక బస్సు బదులు ఇంకో బస్సు పేరు చదివేసి జనాన్ని ఎలా పరిగెత్తించాడో చెప్పాడు. ఆవిడ విని నవ్వింది. ఆ నవ్వు నిజమైనదే. తర్వాత ఆయనకి మాటలు అయిపోయాయి.

"నాకు మందు దొరికింది. నీకు దొరకలేదు. అది నా తప్పా?" అన్నాడు.

"కాదు."

"మరి?"

"మీ తప్పు కాదు. అయినా రాలేను."

"ఇన్నేళ్ళు నాతో ఉన్నావు. అప్పుడు నేను మనిషినే కాదు. ఇప్పుడు..." అని ఆగి, ఆవిడ మొహంలోకి చూశాడు. "నాకు బాగయిందనే కదా నీ కోపం?"

కాదని అనబోయింది. ఎప్పుడూ ఆ మాటే నోటికొచ్చేది.

"అవును. కొంత అదీ ఉంది" అంది.

ఆయన అరుస్తాడేమోనని ఒళ్ళు బిగుసుకుంది. అరవలేదు. నెమ్మదిగా తల ఊపాడు. అరిచినా బాగుండేదని ఆవిడకి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. కింద ఎవరో మోటార్‌సైకిల్ స్టార్ట్ చేస్తుంటే ఇద్దరూ అది వెళ్ళిపోయేదాకా ఆగారు.

ఆయన లేచి కప్పు కడిగి బోర్లించాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండా, "వచ్చే ఆదివారం రానా?" అన్నాడు.

"రండి" అంది.

ఆయన మెట్లు దిగిపోయాక, ఎందుకు రమ్మన్నానా అనుకుంటూ అక్కడే నిలబడింది.